అట్టముక్కల ఊరికి నీళ్ళు

ఇంగ్లీషు పీరియడ్‌లో నవల చదవడం పూర్తయిన రోజు తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒకటే ప్రశ్న అడిగాను. "ఈ ఊరు ఎలా ఉంది? మీరైతే అక్కడ ఉంటారా?"

భయపడతారనుకున్నాను. కనీసం ముఖాలు చిట్లిస్తారనుకున్నాను. నవలలోని ఊరు అలాంటిది మరి. కొండ మీద మెట్లు మెట్లుగా కట్టిన నగరం. ప్రతి అమావాస్యకీ అందరికీ పరీక్ష పెడతారు. వచ్చిన మార్కులను బట్టి కుటుంబాలు మెట్టు మారాలి. పై మెట్టు వాళ్ళకి ఎండ, గాలి, కావలసినన్ని నీళ్ళు. అట్టడుగు వాళ్ళకి పైవాళ్ళు వాడుకోగా మిగిలింది. కిందికి దిగినవాళ్ళతో పైవాళ్ళు మాట్లాడటం నేరం. ఎప్పుడో రాబోయే పీడకల ఇలా ఉంటుందని ఎవరో ఇంగ్లీషులో పిల్లల కోసం రాసిన చిన్న పుస్తకం అది.

"బాగుంది మేడమ్," అన్నాడు మొదటి బెంచీ అబ్బాయి. "నీట్‌గా ఉంది. ట్రాఫిక్ కూడా లేదు."

"కష్టపడినోళ్ళు పైకెళ్తారు కదా మేడమ్. కరెక్టేగా?" అంది కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి.

"మా అన్న కాలేజీ కంటే చాలా నయం మేడమ్," అన్నాడు ఇంకొకడు. "అక్కడ వారం వారం సెక్షన్ మారుస్తారు. వీళ్ళకి నెలకోసారేగా!"

క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నెల రోజులు గొంతు చించుకుని చదివించింది ఇందుకా? తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తప్పు పిల్లలది కాదనిపించింది. విజయవాడ పిల్లల్ని భయపెట్టాలంటే ముందు వాళ్ళ టైమ్‌టేబుల్ కంటే ఘోరమైనదేదో కనిపెట్టాలి. ఆ సంగతి రచయితకి తెలియదు పాపం.

గంట కొట్టాక అందరూ వెళ్ళిపోతుంటే చివరి బెంచీ అమ్మాయి నా బల్ల దగ్గర ఆగింది. కంకిపాడు దాటి చాలా లోపలికి, కాలవ చివర ఉండే ఊరు వాళ్ళది. స్కూలు బస్సులో అందరికంటే ముందు ఎక్కి, అందరికంటే చివర దిగుతుంది. ఆ ఏడాదే మా స్కూల్లో చేరింది.

"నాకు భయమేసింది మేడమ్," అంది.

ఎందుకని అడిగాను. ఇంతకుముందు చదివిన స్కూల్లో ప్రతి పరీక్షకీ పిల్లల గదులు మార్చేవారట. ఈమె లెక్కల్లో వెనకబడటంతో సంచీ సర్దుకుని ఒక్కో గదే కిందికి దిగుతూ పోయిందట. "చివరి రూములో ఎవరూ ఎవరితో ఫ్రెండ్‌షిప్ చెయ్యరు మేడమ్. మళ్ళీ మారిపోతాం కదా, ఎందుకులే అని."

క్లాసు మొత్తంలో ఆ నవలని అసలు చదివింది ఈ ఒక్కతే అనిపించింది. అప్పుడే నా గుండెలో రాయి పడింది. ఎందుకంటే దసరా సెలవుల తర్వాత మా తొమ్మిదో తరగతిని కూడా మార్కుల ప్రకారం రెండు సెక్షన్లు చెయ్యాలని ఆ వారమే స్టాఫ్ మీటింగులో అనుకున్నారు. మొదటి సెక్షన్‌కి లైబ్రరీ, ప్రాజెక్టులు, నా రీడింగ్ పీరియడ్. రెండో సెక్షన్‌కి పొద్దుట నుంచి సాయంత్రం దాకా ముఖ్యమైన ప్రశ్నలు, వాటి జవాబులు, బట్టీ. ఈ పిల్ల ఎటు వెళ్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఆమెకి ఉన్న ఒకే ఒక స్నేహితురాలు క్లాసులో ఫస్టు వచ్చే అమ్మాయి. వన్ టౌన్‌లో అట్టపెట్టెల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం వాళ్ళది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బాక్సు మూత మీద కూరలు కలుపుకుని తింటారు.

మా స్కూలు బెంజ్ సర్కిల్‌కి దగ్గరలోనే, ఒక సందులో ఉంటుంది. హారన్ల మోత మధ్య పాఠం చెప్పీ చెప్పీ నా గొంతు పెద్దదైపోయిందని మా వాళ్ళు ఏడిపిస్తారు. ఆ గొంతుతోనే వెళ్ళి ప్రిన్సిపాల్ గారి దగ్గర వాదించాను. ఆవిడ శాంతంగా విన్నారు.

"నాకు మాత్రం సరదానా అమ్మా? పేరెంట్స్ అడుగుతున్నారు. పక్క స్కూల్లో చేస్తున్నారట, మీరెందుకు చెయ్యరు అంటున్నారు."

లెక్కల మాస్టారు కూడా ఆవిడ పక్షమే. చెడ్డవాడేం కాదు. పిల్లల్ని పల్లెత్తు మాట అనడు. "కలగూరగంప క్లాసుకి లెక్కలు చెప్పడం ఎవరి తరమండీ?" అన్నాడు. "పై పిల్లలు ఆవలిస్తారు, కింది పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. నేను మధ్యలో త్రిశంకు స్వర్గంలో ఉంటాను."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ ఉలిపికట్టెని నేనే. నోటితో గెలవలేనని అర్థమైంది. సరే, దసరా సెలవులకి ముందు పేరెంట్స్ వచ్చే రోజు ఎలాగూ ఏదో ఒక ఎగ్జిబిషన్ పెట్టాలి. ఏటా పెట్టే అగ్నిపర్వతం బదులు ఈసారి నవలలోని ఊరినే కడదామన్నాను. ఇంగ్లీషు ఒక్కటే కాదు, అన్ని సబ్జెక్టులూ అందులోనే. పిల్లల్ని మార్కులతో సంబంధం లేకుండా కలిపి జట్లు చేస్తాను. సెక్షన్లుగా విడదీసేముందు ఒక్కసారైనా వాళ్ళందరినీ కలిపి పని చెయ్యనివ్వండి అన్నాను. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అగ్నిపర్వతం అంటే అందరికీ విసుగే.

తెలుగు మేడమ్ ముందు దిగింది. ఆ నగరంలో ప్రతి అమావాస్యకీ వేసే దండోరా పిల్లల చేత రాయించింది. "ఇందుమూలముగా యావన్మంది పురజనులకు తెలియజేయునది ఏమనగా, అయిదవ మెట్టు వారు బిగ్గరగా నవ్వరాదు. నవ్విన యెడల ఆరవ మెట్టునకు దింపబడుదురు." డబ్బా వాయిస్తూ కారిడార్‌లో చదువుకుంటూ పోతే ఆరో తరగతి వాళ్ళు నిజమేననుకుని నోళ్ళు మూసుకున్నారు. నవ్వించడానికి రాసింది ఇంత బాగా పనిచేస్తుందని మేమెవరమూ అనుకోలేదు.

"కథలో లెక్కలేముంటాయండీ?" అని లెక్కల మాస్టారు కొన్నాళ్ళు తప్పించుకున్నాడు. చివరికి నా పోరు పడలేక ఒక ఆదివారం పుస్తకం పట్టుకెళ్ళాడు. సోమవారం చిరాకుగా వచ్చాడు. "మీ రచయితకి లెక్కలు రావు. రండి, చూపిస్తాను," అని నన్ను కూడా క్లాసుకి లాక్కెళ్ళాడు.

బోర్డు మీద ఆరు మెట్లు గీసి, పిల్లలందరికీ ఉత్తుత్తి మార్కులు ఇచ్చాడు. అందరికీ తొంభై పైనే. "ఇప్పుడు సర్దండి," అన్నాడు. సర్దారు. ఆరో మెట్టు మీద కొందరు పడ్డారు.

"వీళ్ళకీ తొంభై వచ్చాయి కదా సార్, ఎందుకు దిగాలి?" అంది కిటికీ దగ్గరి అమ్మాయి.

"మిగతావాళ్ళకి ఇంకా ఎక్కువొచ్చాయి కాబట్టి."

"అందరికీ నూటికి నూరొస్తే?"

"అప్పుడు చేతిరాత చూసి దింపుతారమ్మా. చేతిరాత కూడా ఒకేలా ఉంటే ఎత్తు చూసి దింపుతారు. మెట్లు కట్టాక చివరి మెట్టు ఖాళీగా ఉంచరు."

ఆ మాట అన్నాక మాస్టారు సుద్దముక్క పట్టుకుని తన బోర్డు వైపే చూస్తూ నిలబడిపోయాడు. కష్టపడితే పైకి వెళ్తారు కదా అన్న అమ్మాయి మెట్టు మెట్టుకీ ఉన్న పేర్లు మళ్ళీ చదువుకుంటోంది. స్టాఫ్‌రూమ్‌కి వస్తూ మాస్టారు, "అది నవల లెండి," అన్నాడు. నేనేమీ అనలేదు. నా నోరు నా మాట విన్న అరుదైన సందర్భాల్లో అదొకటి.

ఊరు కట్టడానికి అట్టలు కావాలి. వన్ టౌన్ అమ్మాయి వాళ్ళ నాన్నని అడిగింది. ఆదివారం కొంతమంది పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళాను. తోపుడు బళ్ళు, ఆటోలు, మూటలు దించే మనుషులు, వీళ్ళందరి మధ్యా ఒంటికాలి మీద నడిచినంత పనైంది. వాళ్ళ గోడౌన్‌లో గోడకి ఆనించి అట్టల దొంతరలు. ఆయన మా కోసం పెద్ద పెద్ద ముక్కలు ఏరి పక్కన పెట్టి ఉంచారు.

"రండి మేడమ్ గారూ, కూర్చోండి. ముందు టీ తాగండి, అట్టలెక్కడికీ పోవు," అన్నారు. టీ వచ్చేలోపు పిల్లలు గీసిన పటం చూపించమన్నారు. చాలాసేపు చూశారు. "అంతా బానే ఉంది గానీ, జనం కూర్చునేదెక్కడండీ? గుడి లేదు, మసీదు లేదు. పోనీ టీ కొట్టన్నా పెట్టలేదేంటి?"

"నవల్లో లేదు నాన్నా," అంది వాళ్ళమ్మాయి.

"లేకపోతే మనం పెట్టకూడదా? టీ కొట్టు లేని ఊరేం ఊరమ్మా!"

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పిల్లలు దీని మీదే పోట్లాడుకున్నారు. ఆ ఊళ్ళో మెట్లు దాటి మాట్లాడటం నేరం కదా, టీ కొట్టు పెడితే అందరూ కలుస్తారు కదా అని ఒకడు. అందుకే పెట్టాలి అని ఇంకొకరు. నవల రచయితదే, అట్టలు మాత్రం మనవి అన్నాను నేను. మూడో మెట్టు మీద టీ కొట్టు వెలిసింది. దానికి మొదటి బెంచీ అబ్బాయి అగ్గిపెట్టెతో బల్ల కూడా చేశాడు.

సైన్సు వంతు నీళ్ళు. పైన ఒక చిన్న బక్కెట్టు, అందులోంచి కిందిదాకా సన్నటి సెలైన్ పైపు, ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో కుళాయి, దాని కింద గ్లాసు. ఎగ్జిబిషన్‌కి ముందురోజు పై నుంచి ఒక్కో కుళాయే తిప్పుతూ నీళ్ళు వదిలి చూశాం. మొదటి రెండు మెట్ల గ్లాసులు నిండి పొర్లిపోయాయి. అట్టలు తడిశాయి. బక్కెట్టు ఖాళీ అయినా ఆరో మెట్టు గ్లాసులో చుక్క పడలేదు.

"కథ ప్రకారం కరెక్టే మేడమ్," అన్నారు పిల్లలు.

"కరెక్టే. ఇప్పుడు మీరు పాలకులు. ఒక్క చట్టం మార్చండి. ఇవే నీళ్ళు అందరికీ అందాలి."

పెద్ద బక్కెట్టు పెడదామన్నారు. ఇవే నీళ్ళు అన్నాను. మోటారు పెడదామన్నారు. కరెంటు ఎవరిస్తారన్నాను. మొదటి బెంచీ అబ్బాయి నీళ్ళకి కూడా ఒక పరీక్ష పెడదామన్నాడు. వాడి నెత్తి మీద చిన్న మొట్టికాయ వేశాను.

అప్పుడు చివరి బెంచీ అమ్మాయి ముందుకొచ్చింది. అన్నాళ్ళూ ఆ పిల్ల జిగురు రాసింది, రంగు వేసింది తప్ప నోరు విప్పలేదు. పై కుళాయిలన్నీ మూసేసి అట్టడుగుది ఒక్కటే తెరిచింది. ఆ గ్లాసు సగానికి రాగానే మూసి, దాని పైది తెరిచింది. అలా కింది నుంచి పైకి వెళ్ళింది. ఆఖరున మొదటి మెట్టు గ్లాసు కూడా సగం నిండింది.

"మా ఊళ్ళో ఇంతే మేడమ్. నీళ్ళు తక్కువైనప్పుడు శివారు నుంచి మొదలెడతారు."

డెల్టాలో పెరిగినవాళ్ళకి శివారు గొడవ తెలియనిది కాదు. కాలవ మొదట్లో ఉన్నవాళ్ళ చేలు తడుస్తాయి, చివర ఉన్నవాళ్ళ చేలు నోరు తెరుచుకుని చూస్తాయి. చాలాచోట్ల ఇదే కథ, తలలు పగిలేదాకా వెళ్తుంది. వాళ్ళ ఊళ్ళో కూడా అలాగే కొట్టుకుని కొట్టుకుని, చివరికి పెద్దలంతా కూర్చుని ఈ కట్టుబాటు చేసుకున్నారట.

"మరి పైవాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళ ముందు నుంచే పోతాయి కదా నీళ్ళు," అన్నాడు మొదటి బెంచీ అబ్బాయి.

"మొదట్లో గొడవ చేశారంట. ఇప్పుడు వాళ్ళే వచ్చి బోదె బాగు చేస్తారు," అంది. బోదె అంటే చేలోకి నీళ్ళు తీసుకెళ్ళే చిన్న కాలవ. "అందులో మొలిచిన తూడు పీకేస్తారు, గట్టు తెగితే వాళ్ళే మన్నేస్తారు. శివారు తొందరగా తడిస్తేనేగా వాళ్ళ వంతొచ్చేది. ఇంతకుముందు కింద బోదె పూడిపోయినా వాళ్ళకి పట్టేది కాదు."

లెక్కల మాస్టారు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో గమనించలేదు. "ఇంకోసారి చెప్పమ్మా," అన్నాడు. ఆ పిల్ల ఇంకోసారి చెప్పింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు కూడా. మేడమ్ ఏడుస్తోందని పిల్లలు గుసగుసలాడితే, అవునర్రా, ఏడుస్తున్నాను, అయితే ఏంటి అని కసిరాను.

మర్నాడు పేరెంట్స్ వచ్చారు. దండోరా విని నవ్వారు, టీ కొట్టు ముందు ఫోటోలు దిగారు. నీళ్ళ దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు నిలబడ్డారు. చివరి బెంచీ అమ్మాయి కుళాయిలు తిప్పుతుంటే, వన్ టౌన్ అమ్మాయి పక్కన నిలబడి వచ్చినవాళ్ళకి వివరించింది. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు నీళ్ళు వదిలించుకుని చూశారు.

సాయంత్రం ఆవిడ గదిలో సెక్షన్ల జాబితా తయారు చెయ్యడానికి కూర్చున్నాం. నేను నోరు తెరవబోయేలోపు లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్ గారూ, ఒక్క ఏడాది ఆపితే ఎలా ఉంటుందండీ? క్లాసుని విడగొట్టొద్దు. నేను లెక్క చెప్పడం చివరి బెంచీ నుంచి మొదలెడతాను. వాళ్ళకి వచ్చేదాకా ముందుకెళ్ళను."

"మరి ముందు పిల్లలు ఆవలిస్తారన్నారుగా మీరు?"

"ఆవలించకుండా బోదె బాగు చేస్తారేమో చూద్దామండీ."

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి నా వైపు అనుమానంగా చూశారు, ఈయనకి నేనే మందు పెట్టానన్నట్టు. నేను అమాయకంగా గోడ గడియారం చూశాను. మా వాడు వెనకబడిపోడా అని పేరెంట్స్ అడిగితే ఏం చెప్పమంటారన్నారు ఆవిడ. నా దగ్గరికి పంపించండి అన్నాడు మాస్టారు. ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ఈ ఒక్క ఏడాదికి చూద్దాం, ఫలితాలు తగ్గితే మాత్రం ఇద్దరూ నా దగ్గరికి రావద్దు అన్నారు. రొట్టె విరిగి నేతిలో పడిందంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

దసరా సెలవుల తర్వాత మొదటి లెక్కల పీరియడ్‌కి నేను ఏదో పని ఉన్నట్టు కారిడార్‌లో తచ్చాడాను. మాస్టారు తిన్నగా చివరి బెంచీ దగ్గరికి వెళ్ళి ఆ పిల్లకి సుద్దముక్క ఇచ్చాడు. బోర్డు దగ్గర రెండు వరుసలు రాసి ఆగిపోయింది. మెడ వంచేసింది. ఎవరైనా నవ్వుతారేమోనని నా ప్రాణం కొట్టుకుంది. ముందు బెంచీలో కాళ్ళు కదులుతున్న చప్పుడు. వన్ టౌన్ అమ్మాయి లేవబోయింది గానీ, ఆమె కంటే ముందు మొదటి బెంచీ అబ్బాయి లేచాడు. నీళ్ళకి పరీక్ష పెడదామన్నవాడే.

"సార్, నేను చెప్పనా? ఈ లెక్క తెగితేగానీ మా వంతు రాదు."

ఇద్దరూ బోర్డు దగ్గర తలలు దగ్గర పెట్టుకుని గొణుక్కున్నారు. వాడు జవాబు చెప్పెయ్యబోతే మాస్టారు గుడ్లురిమాడు. మూడో వరుస ఆ పిల్లే రాసింది. నాలుగోది కూడా.

ఆ పిల్ల తర్వాత క్లాసులో ఫస్టు వచ్చిందని రాస్తే మీకు బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. లెక్కల్లో పాసైంది, అంతే. ఫస్టు వన్ టౌన్ అమ్మాయే వచ్చింది. పేరెంట్స్‌లో కొందరు పోట్లాటకి వచ్చారు, ఇద్దరు టీసీ తీసుకుని వెళ్ళిపోయారు కూడా. మాస్టారు మాత్రం వచ్చే ఏడాదికి కూడా ఇలాగే అని ఇప్పటి నుంచే ప్రిన్సిపాల్ గారి చుట్టూ తిరుగుతున్నాడు. ఆ పిల్ల ఆ ఏడాదంతా ఆ గదిలోంచి సంచీ సర్దుకోలేదు. నాకు అది చాలు.

చివరి క్లాసు రోజున వాళ్ళని మళ్ళీ అదే ప్రశ్న అడిగాను. "మీరైతే ఆ ఊళ్ళో ఉంటారా?"

"నవల్లో ఊరా మేడమ్, మన ఊరా?" అన్నాడు మొదటి బెంచీ అబ్బాయి. అట్టముక్కల ఊరు అప్పటికి కిటికీ పక్కన దుమ్ము పట్టి, ఒక మూల కుంగిపోయి ఉంది. టీ కొట్టు బల్ల మీద ఎవరో రెండు పెన్సిల్ మూతలు టీ గ్లాసుల్లా పెట్టారు.

మన ఊరే అన్నాను. ఉంటాం, ఉంటాం అని అరిచారు. ఎవరెవరు ఏ మెట్టు అంటే టీ కొట్టు ఉన్న మెట్టు కోసం కొట్టుకున్నారు. చివరి బెంచీ అమ్మాయి నవ్వుతూ చూస్తోంది.

"నువ్వే మెట్టు మీద ఉంటావు?" అని అడిగాను.

"ఆరోదే మేడమ్," అంది. "నీళ్ళు ముందొచ్చేది అక్కడికేగా."